సెల్‌ఫోనులో పుస్తకము: ఏ యాప్ ఎంచుకోవాలి?



మా పరిచర్య సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల మధ్యనున్న పల్లెలలో జరుగుతుంటుంది. మిర్యాలగూడకు దగ్గరలో ఒక పల్లెలో మా సంఘస్థురాలైన ఒక వృద్ధురాలున్నది. వయస్సు డెబ్బై దాటింది. చిన్ననాట బడికి పోలేదు. పెండ్లయిన తరువాత రాత్రి బడిలో అక్షరములు దిద్దుకొన్నది. అప్పటినుండి ఉదయమే వాక్యము చదివిన తరువాతనే పొయ్యి వెలిగించుట ఆమె అలవాటు. రెండేండ్ల క్రితము కంటిలో శుక్లములు వచ్చి ఒక కంటికి ఆపరేషన్ అయింది. అయినా పుస్తకములోని సన్నని అక్షరములు ఆనడము లేదు. "అక్షరాలు చీమల బారు లెక్క కనవడ్తున్నయి, అయ్యగారూ" అని ఒక ఆదివారము నాతో చెప్పుకొని కండ్లు తుడుచుకొన్నది.

హైదరాబాదులో చదువుకుంటున్న మనుమడు సెలవులకు వచ్చి, తన పాత ఫోను నాయనమ్మ చేతికిచ్చాడు. పుస్తకములు చదివే యాప్ ఒకటి వేసి, అక్షరములు వ్రేలి లావున కనబడేటట్టు పెద్దవి చేసి, ఎట్లా తిప్పాలో చూపించి వెళ్ళాడు. ఆమె సంతోషము చెప్పనలవి కాదు. వీధిలో అందరికి చూపించింది.

నెల రోజుల తరువాత నేను వారింటికి వెళ్ళినప్పుడు ఆ ఫోను అల్మారాలో తువ్వాలలో చుట్టి ఉన్నది. ఏమమ్మా, చదవడము లేదా అని అడిగాను. కొంచెముసేపు చెప్పలేదు. తరువాత మెల్లగా, "నేనేం ఒత్తలేదయ్యా. చదువుకుంట ఉంటే నడుమ ఎవరో పోరి ఎగురుకుంట వచ్చింది. పైసలిస్తం, ఇక్కడ ఒత్తుమని రాసుంది. నేనే ఏదో చెడగొట్టిన అనుకొని బంద్ జేసి పెట్టిన. మనుమనికి చెప్పకుండ్రి" అన్నది.

అది వ్యాపార ప్రకటన. అప్పు ఇస్తామని చెప్పే ప్రకటన. ఆమె ఏమీ చెడగొట్టలేదు. కాని నేను తల దించుకోవలసి వచ్చింది. ఎందుకనగా ఆ యాప్ బాగుంటుంది, ఉచితము, వేయి అని ఆ పిల్లవానికి ఫోనులో చెప్పినవాడను నేనే. నేను దానిని వారము రోజులు కూడ వాడి చూడలేదు. ఎవరో గ్రూపులో పంపితే మంచిదే అనుకొని ఇంకొకరికి చెప్పాను.

ఆనాటినుండి ఈ విషయము గూర్చి కొంత శ్రమపడి నేర్చుకొన్నాను. నేను కంప్యూటరు చదివినవాడను కాను. సూర్యాపేట గ్రంథాలయములో పోటీ పరీక్షలకు చదువుకొనే మా సంఘ యౌవనస్థులు కొందరు, కోదాడలో డి.టి.పి. పని చేసే ఒక సహోదరుడు ఓపికగా చూపించగా నేర్చుకొన్నవే ఇక్కడ వ్రాస్తున్నాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత పల్లెలలో కూడ నెట్ చవక అయింది. పెద్ద ఫోను లేని ఇల్లు తక్కువ. ఫోను ఎట్లాగూ ఇంటిలో ఉన్నది గనుక దానిలో చదువుట కూడ మనము నేర్చుకోవాలి గదా.

బొమ్మ పుస్తకము, అక్షర పుస్తకము

యాప్ పేరు అడుగుటకు ముందు, మనము చదవబోయే పుస్తకము ఏ రకమైనదో తెలిసికోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటుపడి, యాప్ మంచిది కాదంటారు.

ఫోనులో దొరికే తెలుగు పుస్తకములు ముఖ్యముగా రెండు రకములు. మొదటిది, అచ్చు పుస్తకమును పేజీ పేజీ ఫోటో తీసినట్లు స్క్యాన్ చేసి పెట్టిన పి.డి.ఎఫ్. ఇది నిజమునకు బొమ్మల కట్ట. పేజీ కాగితము మీద ఎంత ఉందో అంతే ఉంటుంది. చిన్న ఫోనులో చూస్తే అక్షరములు ఆవగింజలవలె ఉంటాయి. రెండు వ్రేళ్ళతో పెద్దది చేస్తే పంక్తి సగము బయటికి పోతుంది. ప్రతి పంక్తికి ఇటునుండి అటు, అటునుండి ఇటు జరుపుకోవాలి. కండ్లు బాగున్నవారికే విసుగు పుడుతుంది, ముసలివారి సంగతి చెప్పనక్కరలేదు.

రెండవది ఈపబ్ అనే రకము. దీనిలో ఉన్నవి బొమ్మలు కావు, అక్షరములే. అక్షరము పెద్దది చేస్తే పంక్తులు వాటంతట అవే సర్దుకొంటాయి. పేజీకి ముప్పది పంక్తులు వచ్చేచోట ఎనిమిదే వస్తాయి, అంతే తేడా. ప్రక్కకు జరుపుకొనే పని ఉండదు. పైగా ఒక మాటను వెదకవచ్చు, ఎక్కడ ఆపామో అది జ్ఞాపకముంచుకొంటుంది. స్క్యాన్ పుస్తకము తరచుగా పదుల ఎం.బి. ఉంటే, ఇది ఒకటి రెండు ఎం.బి.లలో సరిపోతుంది. ఫోను నిండిపోయిందని బాధపడేవారు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

కాబట్టి ఇంటిలో కండ్లు సరిగా ఆనని వారికొరకు చూస్తున్నట్లయితే, ముందు ఈపబ్ దొరుకుతుందేమో వెదకండి. పి.డి.ఎఫ్. తప్ప వేరొకటి దొరకనప్పుడు ఫోనును అడ్డముగా త్రిప్పి చదవండి. పేజీ చుట్టూ ఉన్న తెల్లని అంచులను కత్తిరించే సదుపాయము కొన్ని యాప్‌లలో ఉన్నది; అది చేస్తే అక్షరము కొంత పెరుగుతుంది. అంతకన్న మన చేతిలో లేదు.

క్రీస్తు అనే మాటతో పరీక్ష

తెలుగుకు ఇంకొక చిక్కున్నది. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్కన ఒకటి నిలబడతాయి. మనవి అట్లా కావు. ఒత్తులు క్రిందికి దిగుతాయి, గుడులు పైకి ఎక్కుతాయి, వట్రసుడి ప్రక్కకు తిరుగుతుంది. వీటిని సరిగా కూర్చుట తెలియని యాప్‌లో అక్షరములు విడివిడిగా, ప్రతిదానికి నకారపు పొల్లు తగిలించినట్లు కనబడతాయి, లేదా ఖాళీ డబ్బాలు వస్తాయి.

నేను చేసే పరీక్ష సులభము. క్రొత్త యాప్‌లో ఒక తెలుగు పుస్తకము తెరచి నాలుగు మాటలు వెదకుతాను: క్రీస్తు, స్త్రీ, రాష్ట్రము, జ్ఞానము. ఈ నాలుగు సరిగా కనబడితే మిగిలినవన్నీ సరిగానే ఉంటాయి. 'స్త్రీ'లో మూడు హల్లులు ఒకదాని క్రింద ఒకటి నిలబడాలి. అక్కడే చాలా యాప్‌ల బండారము బయటపడుతుంది. తరువాత అక్షరమును బాగా పెద్దది చేసి చూడాలి. పెద్దది చేసినప్పుడు క్రింది ఒత్తు తరువాతి పంక్తి మీద పడితే, పంక్తుల మధ్య దూరము పెంచే ఏర్పాటు ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ యాప్ మనకు పనికిరాదు, ప్రపంచమంతా దానిని పొగడినా సరే.

అక్షర రూపము నచ్చకపోతే కొన్ని యాప్‌లలో మనకు ఇష్టమైన ఫాంటు వేసికోవచ్చు. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, సురవరం మొదలైన తెలుగు ఫాంట్లు ఉచితముగా దొరుకుతాయి. సురవరం అనే పేరు మన తెలంగాణలో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారిది. పాత అచ్చు పుస్తకమువంటి రూపము కావాలనుకొనే పెద్దలకు ఇవి వేసి చూపించండి.

ఇక యాప్‌ల పేర్లు

నేను స్వయముగా వాడినంతవరకు చెబుతాను. రీడ్‌ఎరా అనే యాప్ ఉచితముగా దొరుకుతుంది. ప్రకటనలు లేవు. పేరు, ఫోను నంబరు, ఈమెయిలు ఏదీ అడగదు. పి.డి.ఎఫ్., ఈపబ్, వర్డ్ ఫైళ్ళు అన్నీ తెరుస్తుంది. నెట్ లేకుండా పని చేస్తుంది. కొన్ని అదనపు సౌకర్యములకు డబ్బు కట్టాలి, కాని అవి లేకున్నా మన చదువు ఆగదు. వృద్ధురాలి ఫోనులో చివరకు మేము వేసినది ఇదే.

ఇంకొకటి గూగుల్ ప్లే బుక్స్. మన దగ్గరున్న పి.డి.ఎఫ్., ఈపబ్ పుస్తకములను దానిలోనికి ఎక్కించుకోవచ్చు. వాటిని గూగుల్ ఖాతాలో దాచి ఉంచుతుంది గనుక ఫోను పోయినా పుస్తకములు పోవు, క్రొత్త ఫోనులో మరల దించుకోవచ్చు. అయితే గూగుల్ ఖాతా కావాలి, ఎక్కించుటకు నెట్ కావాలి. పట్టణములో ఉద్యోగము చేసికొనే యౌవనస్థులకు ఇది అనుకూలము.

లిబ్రెరా, మూన్ ప్లస్ రీడర్ అనేవి కూడ పేరున్నవే. అక్షరము, రంగు, అంచులు మార్చుకొనుటకు వీటిలో ఎన్నో ఏర్పాట్లున్నాయి. ఎన్నో ఉండుటయే పెద్దలకు ఇబ్బంది అని నా అభిప్రాయము. వీటిని ప్లే స్టోరులో ఉచితముగా తీసికొంటే ప్రకటనలు వస్తాయి. లిబ్రెరాకు ఎఫ్-డ్రాయిడ్ అనే వేరొక చోట ప్రకటనలు లేని ప్రతి ఉన్నది గాని, అది కొంచెము తెలిసినవారు చేయవలసిన పని.

కిండిల్ గూర్చి తరచుగా అడుగుతారు. యాప్ ఉచితమే గాని పుస్తకములు ఎక్కువగా కొనుక్కోవలసినవి. 2016 చివరలో అమెజాన్ వారు కిండిల్‌కు అయిదు భారతీయ భాషలు చేర్చినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము చేర్చారు, తెలుగు చేర్చలేదు. ఇంగ్లీషు వ్యాఖ్యానములు చదివే సేవకులకు అది ఉపయోగపడవచ్చు, తెలుగు ఇంటికి కాదు.

బైబిలు కొరకు మాత్రము వేరే యాప్ ఉండుట మేలు. అధ్యాయము, వచనము వెంటనే తీయాలంటే పుస్తకముల యాప్‌లో కష్టము. అమెరికాలోని ఒక్లహోమాలో లైఫ్ చర్చ్ వారు 2008లో ప్రారంభించిన యూవెర్షన్ బైబిల్ యాప్‌లో తెలుగు తర్జుమాలున్నాయి, ప్రకటనలు లేవు. కొన్ని తర్జుమాలను దించుకొని నెట్ లేకుండా చదువుకోవచ్చు, కొన్నిటికి ఆ వీలుండదు. పొలము దగ్గర సిగ్నలు అందనిచోట చదువుకోవాలంటే ఆ సంగతి ఇంటి దగ్గరే చూసికోండి. తెలుగు బైబిల్ అని ప్లే స్టోరులో వెదికితే వరుసగా ఎన్నో వస్తాయి. వాటిలో కొన్ని వాక్యము నడుమ ప్రకటనలు పెట్టి సంపాదించుకొనేవి. పేరు చూసి మోసపోవద్దు. నేను పడ్డాను గనుక చెబుతున్నాను.

చదువురాని తల్లిదండ్రులున్న ఇండ్లలో చదివి వినిపించే సదుపాయము గొప్ప ఉపకారము. ఫోనులో తెలుగు గొంతు దించుకొంటే అది అక్షర పుస్తకమును పైకి చదువుతుంది. ఆ చదువులో భావము ఉండదు, మన ఊరి యాస అసలే ఉండదు. స్క్యాన్ చేసిన బొమ్మ పుస్తకమును మాత్రము చదవలేదు. దానికి అక్షరము కనబడదు గదా!

ఉచితమునకు వెల ఎక్కడ కడుతున్నాము?

యాప్ తయారు చేసినవారికి కూడ కుటుంబములుంటాయి. డబ్బు తీసికొనకుండ ఇస్తే ఏదో ఒక విధముగా రాబట్టుకొంటారు. కొందరు విరాళములతో నడుపుతారు, కొందరు అదనపు సౌకర్యములు అమ్ముకొంటారు. ఈ రెండింటిలో మనకు నష్టము లేదు. కొందరు ప్రకటనలు వేస్తారు. మరికొందరు మన ఫోనులోని సంగతులు తీసికొంటారు. ఈ చివరి వారితోనే భయము.

2020 డిసెంబరులో మన తెలంగాణలో జరిగినది మరచిపోలేదు గదా. ఫోనులో అప్పిచ్చే యాప్‌లవారు అప్పు తీసికొన్నవారి ఫోనులోని నంబర్లన్నీ లాగి, బంధువులకు, స్నేహితులకు ఫోను చేసి అవమానపరచగా, తట్టుకొనలేక కొందరు ప్రాణములు తీసికొన్నారు. హైదరాబాదు పోలీసులు అనేకులను అరెస్టు చేశారు. ఆ యాప్‌లకు మన నంబర్ల పట్టిక ఎవరిచ్చారు? వేసికొనేటప్పుడు 'అనుమతించు' అని వచ్చిన దానిని చదవకుండ నొక్కి మనమే ఇచ్చాము.

పుస్తకము చదివే యాప్‌కు ఫోనులోని ఫైళ్ళు చూచుటకు అనుమతి ఇస్తే చాలును. నంబర్ల పట్టిక ఎందుకు? మెసేజీలు ఎందుకు? మనమెక్కడున్నామో ఎందుకు? అడిగినదంటే దానిని వెంటనే తీసివేయండి. ప్లే స్టోరులో యాప్ పేరు క్రింద 'ప్రకటనలు ఉంటాయి', 'యాప్‌లో కొనుగోళ్లు' అని చిన్న అక్షరములతో వ్రాసి ఉంటుంది. ఇంకొంచెము క్రిందికి వెళితే 'డేటా భద్రత' అనే భాగములో ఏమేమి తీసికొంటారో వారే చెప్పుకొని ఉంటారు. రెండు నిమిషముల పని. కూరగాయలు కొనేటప్పుడు వంకాయను త్రిప్పి చూస్తాము. దీనిని కూడ అట్లే చూడాలి.

ఇంకొక మాట. వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె. ఫైలు ద్వారా యాప్ వేసికొనవద్దు. పి.ఎం. కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో అట్టి ఫైళ్ళు పంపి మన రైతుల ఖాతాలు ఖాళీ చేసిన సంగతులు విన్నాము. సూర్యాపేటలో ఒక ఫోను దుకాణము కుర్రవాడు యాభై రూపాయలకు 'అన్ని యాప్‌లు' వేసి ఇస్తానన్నాడు. తన ఫోనునుండే పంపుతాడట. వద్దని వచ్చేశాను. ఒకవేళ ఎవరైనా మోసపోతే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. మొదటి గంటలో చెప్పినవారి డబ్బు నిలిపివేయుటకు అవకాశము ఎక్కువ.

ప్రకటనల బాధ తప్పించుటకు మా యౌవనస్థులు రెండు చిట్కాలు చెప్పారు. చదివేటప్పుడు డేటా ఆపివేయుట ఒకటి. నెట్ లేకపోతే చాలా ప్రకటనలు రావు. రెండవది, ఫోను సెట్టింగులలో 'యాప్ పిన్నింగ్' అని ఉంటుంది. అది పెడితే తెరచిన యాప్‌లోనుండి ఫోను వేరే చోటికి పోదు. పిల్లల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు కూడ ఇది పెట్టి ఇవ్వండి.

పుస్తకములు ఎక్కడ తెచ్చుకోవాలి?

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి పేరు మీరు విని ఉండవచ్చు. కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము 1994లో పొందినవారు. ప్రపంచములోని పుస్తకములన్నీ అందరికీ అందాలని వారు తలపెట్టిన పని వలన మన దేశములో అనేక కేంద్రములలో స్క్యానింగు జరిగింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వాటిలో ముఖ్యమైనది. 2007 నాటికి దేశ దేశములలో కలిపి పదిహేను లక్షలకు పైగా పుస్తకములు స్క్యాన్ అయ్యాయి. వాటిలో వేలాది తెలుగు పుస్తకములు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా దొరుకుతున్నాయి. అన్నీ బొమ్మ పుస్తకములే అనుకోండి.

అక్షర పుస్తకములు కావాలంటే తెలుగు వికీసోర్స్ చూడండి. జీతము లేకుండ తెలుగువారు కూర్చుండి, పాత పుస్తకములను పేజీ పేజీ అక్షరములుగా మార్చి సరిచూసి పెట్టారు. కందుకూరి వీరేశలింగము, గురజాడ అప్పారావు వంటివారి రచనలు దొరుకుతాయి. అక్కడినుండి ఈపబ్‌గా దించుకోవచ్చు. పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఎన్నో ఉన్నాయి. దించుకొని పంచిపెట్టుకొనుటకు కూడ అనుమతి ఉన్నది. మా సండే స్కూలు పిల్లలకు వేసవిలో వాటిని చదివించాము.

ఇప్పుడు నా రెండవ తప్పు చెప్పుకోవాలి. కొన్ని సంవత్సరముల క్రితము ఒక వృద్ధ సేవకుడు వ్రాసిన పుస్తకము పి.డి.ఎఫ్.గా నా ఫోనుకు వచ్చింది. చాలా మేలైన పుస్తకము. అందరికి మేలు కలుగునని మూడు గ్రూపులకు పంపాను. ఆ సంవత్సరము ఒక సభలో ఆయన కలిసినప్పుడు సంతోషముగా ఆ సంగతి చెప్పాను. ఆయన కోపపడలేదు. "మంచిది బాబూ. వేయి ప్రతులు అప్పు చేసి వేశాను. ఆరు వందలు ఇంటిలోనే ఉన్నాయి" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఉన్న డబ్బుతో పది ప్రతులు కొన్నాను, అంతే చేయగలిగాను.

మన దేశ చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాతి సంవత్సరమునుండి అరువది ఏండ్లు పుస్తకము మీద హక్కు ఆయన వారసులకుంటుంది. 1992కు ముందు ఏబది ఏండ్లే ఉండేది. దీనిని బట్టి లెక్క చూడండి. మన ఆరాధనలలో పాడుకొనే కీర్తనలెన్నిటినో రచించిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో మరణించారు; వారి పాటలు అందరివి. గుఱ్ఱం జాషువా గారు 1971 జూలై 24న మరణించారు. గబ్బిలము మొదలైన వారి కావ్యముల మీద హక్కు 2031 చివరివరకు ఉన్నది. అనువాదములకు లెక్క వేరు. జాన్ బన్యన్ మరణించి మూడు వందల ఏండ్లు దాటింది, యాత్రికుని ప్రయాణము ఇంగ్లీషులో ఎవరైనా పంచవచ్చు. కాని నిన్న మొన్న దానిని తెలుగు చేసినవారి శ్రమ వారిదే. జీవించియున్నవారి పుస్తకము వాట్సాప్‌లో వస్తే పంపేముందు ఆ రచయితకు ఒక్క ఫోను చేసి అడగండి. చాలామంది సంతోషముగా ఒప్పుకొంటారు. ఒప్పుకొనకపోతే కొనండి.

కోదాడలో నేర్చుకొన్నది

మా సంఘముల పాటల పుస్తకము కోదాడలో అచ్చు వేయించాము. దానిని ఫోనులలో వేసికొనవచ్చునని డి.టి.పి. సహోదరుని ఫైలు అడిగితే పి.డి.ఎఫ్. ఇచ్చాడు. అక్షరములు పెద్దవి కావు. పాట వెదికితే దొరకదు. ఒక చరణము కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు గుర్తులు, చుక్కలు, గీతలు వచ్చాయి. వైరస్ పట్టిందేమో అనుకొన్నాను.

అప్పుడాయన వివరించాడు. మన పట్టణములలో పత్రికలు, కరపత్రములు, పెండ్లి శుభలేఖలు ఎక్కువగా అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ పద్ధతిలో కంప్యూటరు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరముల స్థానములే; పైకి మాత్రము తెలుగు బొమ్మ కనబడుతుంది. కాగితము మీద అందముగా ఉంటుంది, ఆ ఫాంటు లేని ఫోనులో అర్థము లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్ అనే పద్ధతిలో మాత్రము తెలుగు 'క'కు లోకమంతటా ఒకే సంఖ్య ఉన్నది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానము దొరికింది. ఫోనులు గుర్తించేది దానినే.

అనునుండి యూనికోడ్‌కు మార్చే ఉచిత సాధనములున్నాయి. మార్చాము. కాని తప్పులు చాలా వచ్చాయి, ముఖ్యముగా ఒత్తుల దగ్గర. ముగ్గురు యౌవనస్థులు సాయంత్రములు కూర్చుండి పాట పాటకు సరిచూశారు. అది గూగుల్ డాక్స్‌లో పెట్టి ఈపబ్‌గా దించుకొన్నాము. ఆ సౌకర్యము దానిలో ఉచితముగానే ఉన్నది. ఇప్పుడు పాట మొదటి మాట టైపు చేస్తే పాట వస్తుంది. సహ సేవకులారా, పాటల పుస్తకమో, సంఘ చరిత్రయో, సంస్మరణ సంచికయో అచ్చుకు ఇచ్చేటప్పుడు యూనికోడ్ ఫైలు కూడ ఇవ్వమని ముందే మాట్లాడుకోండి. తరువాత అడిగితే మావలె కష్టపడాలి.

ఆ ఫైలును ఒక్కచోటే ఉంచవద్దు కూడ. 1812 మార్చి 11న శ్రీరాంపూరు ముద్రణాలయము అంటుకొన్నప్పుడు విలియం కేరీ వ్రాసిపెట్టిన తెలుగు వ్యాకరణము వ్రాతప్రతి బూడిద అయింది. ఆయన మరల వ్రాసి 1814లో అచ్చు వేయించాడు. మనకు అంత ఓపిక లేదు. ఒక ప్రతి మెమరీ కార్డులో, ఒక ప్రతి ఈమెయిలులో ఉంచుకొంటే సరిపోతుంది.

మిర్యాలగూడ పల్లెలోని ఆ ఫోనులో పాత యాప్ తీసివేసి, రీడ్‌ఎరా, బైబిలు, పాటల పుస్తకము వేశాము. డేటా ఆపివేశాము. "ఇంక ఆ పోరి రాదు గదా?" అని మూడుసార్లు అడిగింది. తువ్వాల మాత్రము వదలలేదు, చదువు అయిపోగానే దానిలోనే చుట్టిపెడుతుంది. పోయిన వారము వెళ్ళినప్పుడు నూట పంతొమ్మిదవ కీర్తనలో ఉన్నది. అక్షరములు అంత పెద్దవి చేసికొంటే ఆ నూట డెబ్బది ఆరు వచనములు ఎన్ని పేజీలవుతాయో ఊహించుకోండి. "ఎంత తిప్పినా ఒడుస్తలేదయ్యా" అని నవ్వింది. ప్రక్కింటి ఆమెకు కూడ పాటల పుస్తకము కావాలట, ఆమెది చిన్న ఫోను, అందులో పడుతుందో లేదో చూడమన్నది. వచ్చే శనివారము మెమరీ కార్డు తీసికొని వెళ్ళాలి.